మారయ్య మూసిన చెయ్యి

ఆ కొబ్బరిచిప్పలో ఏం చూశారో చెప్పండి. చూడలేదని తప్పించుకోకండి. మీరూ ఆ గుంపులోనే ఉన్నారు.

కల్వకుర్తి అవతలి గుట్టల కింద బోరు వేయాలంటే అందరూ మారయ్యనే పిలిచేవారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచేవాడు. నీళ్లున్న చోట కాయ నిలువునా లేచేది. దాన్ని అక్కడే కొడితే, కింద ఉన్నది చివరికి ఎటు పోతుందో చిప్పలోని నీళ్లలో కనిపించేది. బాలయ్యకు పత్తిచేను కనిపించింది, బీరమ్మకు బర్రెల తొట్టి. దాన్నిబట్టే పంట వేసుకునేవాళ్లు. కట్టుబాటు ఒక్కటే: లేచిన కాయను దాచితే ఆ చేతిలో ఇక కాయ లేవదు.

యురేనియం వెతికే సర్వే ఆఫీసరు కృష్ణకాంత్ కూడా మారయ్యనే పిలిచాడు. మిషన్లకు గుట్టంతా ఒకేలా కనబడిందట. నీళ్లకు లేచినట్టే ఆ రాయికీ గుట్ట అంచున కాయ సగం లేచింది. కొట్టారు. చిప్పలో కరెంటు బుగ్గలు వెలిగాయి.

"చూశారుగా, కరెంటు కోసమే," అన్నాడు కృష్ణకాంత్.

"జర ఆగు సారూ, నీళ్లింక తేటగాలే," అంది మారయ్య భార్య ఈదమ్మ.

తేటపడ్డాయి. ఏదో దేశం. పొద్దున ఒకడు గద్దె మీద, మధ్యాహ్నం వాణ్ని కాల్చినవాడు, సాయంత్రానికి మూడోవాడు. బాంబు మాత్రం ఒక్కటే. దాని తాళంచెవి జేబులు మారుతోంది. తర్వాత ఒక పట్నం. దండేల మీద బట్టలున్నాయి, ఆరేసిన మనుషులు లేరు.

"మన రాయి అంత దూరం పోదు. ప్రతి సంచికీ సీలుంటుంది," అన్నాడు కృష్ణకాంత్.

"రేషన్ బియ్యానికి లేదా సారూ సీలు? మొన్న కోళ్లఫారంల దొరికినయి. గా కోళ్లు కార్డు తీస్కొని వచ్చినయా?" అంది ఈదమ్మ.

అందరూ నవ్వారు. కృష్ణకాంత్ నవ్వలేదు. "అసలు జాగా చూపించు మారయ్యా. పర్మనెంటు నౌకరీ ఇప్పిస్తాను."

మారయ్య ఇంకో కాయ పట్టుకుని నడిచాడు. బీరమ్మ చేను నడుమ అది లేవబోయింది. ఐదు వేళ్లూ మూశాడు. కాయ తన్నింది. పీచు కోసుకుని మణికట్టు మీదుగా నెత్తురు కారింది. నడక ఆపలేదు.

"ఈడ ఏం లేదు సారూ."

"చెయ్యి తెరువు."

"తెరవ."

ఈదమ్మ వచ్చి ఆ చేతిమీద తన రెండు చేతులూ వేసింది. మూసిన చెయ్యి తెరిపించే ఆర్డరు కృష్ణకాంత్ ఫైల్లో లేదు. 'లేదు' అని రాసుకుని జీపెక్కాడు.

మారయ్య చేతిలో మళ్లీ కాయ లేవలేదు. డెబ్బై ఏళ్ల వయసులో షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు కాస్తున్నాడు. జీపు ఇప్పుడు మీ గుట్టల దిక్కు తిరుగుతోంది. కాయ మీ అరచేతిలో లేస్తే వేళ్లు మూస్తారా?