దాత: ఫ్లాట్ నంబర్ 501

నేను ఒక అద్దాల తొట్టిని. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ఉప్పునీటి చేపల కోసం పుట్టాను. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్టు వెనక, విరిగిన కుర్చీలకీ తుప్పు పట్టిన కూలర్‌కీ మధ్య పడి ఉన్నాను. అయ్యో పాపం అనడానికి వచ్చినవాళ్ళు కాస్త పక్కకి జరగండి. నాకు మనుషుల మీద ఒళ్ళు మంటగా ఉంది, ముఖ్యంగా ఒక మనిషి మీద. ఆ సంగతే చెబుతాను.

డాబాగార్డెన్స్‌లో ఖాసిం అనే పనివాడు ఐదు గాజు పలకలు కోసి, అంచులకి జిగురు పట్టించి నన్ను నిలబెట్టాడు. చేయించింది గౌరీశ్వరి. ఒక కాలేజీలో జువాలజీ లాబ్ అసిస్టెంటు, పెద వాల్తేరు వైపు ఒక అపార్ట్‌మెంటులో 102లో అద్దెకుంటుంది. నన్ను ఇంటికి తెస్తే ఇంటి ఓనరు గుమ్మంలోనే ఆపేశాడు. అంత బరువు తన ఫ్లాటులో వద్దన్నాడు. అప్పుడు దిగాడండీ మహానుభావుడు, అసోసియేషన్ ప్రెసిడెంటు, 501 త్రినాథరావు.

“లాబీలో ఎట్టీయమ్మా, అందరూ చూస్తారు. కరెంటు అసోసియేషన్ ఇస్తాది,” అన్నాడు.

గౌరి పొంగిపోయింది. నేనూ పొంగిపోయాను, ఎందుకు దాచాలి!

నన్ను నింపడానికి ఆమె ఉప్పు పొట్లాలు కొని, శుద్ధి చేసిన నీళ్ళలో కలిపింది. మేడ మెట్ల మీద నిలబడి జనం ఒకటే నవ్వు. “ఎదురుగా సంద్రం ఎట్టుకుని ఉప్పు కొంటావేటమ్మా?” అని త్రినాథరావు కూడా నవ్వాడు. ఒడ్డున దొరికే నీళ్ళలో మురుగూ, పడవల డీజిలూ కలిసి ఉంటాయని ఆమె చెబితే వినే ఓపిక ఎవరికుంది?

ఆ తర్వాత నెలన్నర పాటు నాలో ఒక్క చేప లేదు. నీళ్ళు కుదురుకోవాలని ఆగింది. చేపల కొట్టులో ఆమె అడిగే ప్రశ్నలు మూడే. ఇది ఏం తింటుంది? పెద్దయితే ఎంతవుతుంది? ఎవరితో పడదు? రంగు బావుందా లేదా అని ఒక్కసారీ అడగలేదు. కొట్టువాడు విసుక్కున్నా ఊరుకోదు, ఇంటికొచ్చి పుస్తకాల్లో మళ్ళీ చూసుకునేది. అలా ఏరి ఏరి తెచ్చింది నాలుగు చేపల్ని. ముందు ఇసుక జల్లెడ పట్టుకుంటూ అడుగున బతికే గోబీ. తర్వాత రాళ్ళ సందులో ఒదిగి ఉండే చిన్న ఊదారంగుది. నారింజ రంగు మీద తెల్ల పట్టీల క్లౌన్ చేపల జంటని అన్నిటికన్నా చివర వేసింది, ఎందుకంటే అవి ముందొస్తే తొట్టంతా తమదే అని పెత్తనం చేస్తాయట. వాటికి తోడు నాలుగు రొయ్యలు, పాచి నాకే నత్తలు పదకొండు. ఒకదాని నోరు ఇంకొకదాని జోలికి పోదు.

ఇదంతా దేని కోసమంటే, బతికున్న పగడం కోసం. ఎక్కడో సాగు చేసిన బొటనవేలంత ముక్కని అనుమతి కాగితాలతో సహా కొని తెచ్చి, ఒక రాయి మీద అంటించింది. మూడేళ్ళు! రోజూ కాలేజీకి వెళ్ళే ముందు నీళ్ళలో ఉప్పు కొలిచేది. మూడో ఏడుకి ఆ రాయంతా పగడపు మొగ్గలు విచ్చుకుని ఊగుతుంటే, ఈ ఊళ్ళో నా అంత అందమైన తొట్టి లేదని నాకు గర్వం తలకెక్కింది. క్లౌన్ ఆడచేప ఆ రాయి పక్కనే గుడ్లు పెట్టేలా ఉందని గౌరి కనిపెట్టింది. ఆ గుడ్లు పిల్లలై, తన చేతుల్లో పెరిగితే చాలనుకుంది. జీవితంలో అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

సరిగ్గా అప్పుడే అసోసియేషన్ వార్షికోత్సవం వచ్చిపడింది.

ఆ అపార్ట్‌మెంటు జనానికి ఒక జబ్బుంది. ఏది ఇచ్చినా దాని మీద పేరుండాలి. లిఫ్టులో ఫ్యాను మీద దాత పేరు, బెంచీ మీద దాత పేరు, ఆఖరికి చెత్తబుట్ట మూత మీద కూడా దాత పేరే. ఆ ఏడు ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదో ఏమో, కళ్ళు నా మీద పడ్డాయి. “ఇంత తొట్టికి నాలుగు చేపలేటి, ఖాళీగా ఏడుస్తంది,” అన్నాడు త్రినాథరావు. 303 హైమవతి గారు పసుపురంగు సీతాకోక చేపని తెచ్చారు, తన పట్టుచీరకి సరిపోయిందని. 204 కూర్మారావు గారు బుగ్గలు పొంగించే చేపని తెచ్చారు, నవ్వుతున్నట్టు ఉందని. త్రినాథరావు అందరికన్నా పెద్దది తేవాలిగా మరి, గట్టి పళ్ళున్న, అరచేయంత ట్రిగ్గర్ చేపని తెచ్చి భీమన్న అని పేరు పెట్టాడు. నా ముఖం మీద మూడు స్టిక్కర్లు అతికించి చప్పట్లు కొట్టారు.

గౌరి కాలేజీ నుంచి పరుగెత్తుకొచ్చింది. “సార్, సీతాకోక చేప పగడాన్ని కొరుక్కు తింటుంది. ఆ బుగ్గలది నత్తల్ని నములుతుంది. మీది అన్నిటినీ చంపేస్తుంది. దండం పెడతాను, తీసేయండి.”

“లాబీ అందరిదీ అయినప్పుడు తొట్టీ అందరిదే కదేటి? అద్దెకున్నోళ్ళు ఇంత గొడవ సెయ్యకూడదమ్మా,” అన్నాడు త్రినాథరావు. ఆ మాట విని నా అంచులు పగిలిపోతాయేమో అనిపించింది.

తర్వాత పన్నెండు రోజులు నేను కళ్ళారా చూశాను. నా ఒళ్ళంతా గాజే, కళ్ళు మూసుకునే దారి నాకెక్కడిది? హైమవతి గారి చేప ఆ రాయి మీద మొగ్గల్ని ఒక్కొక్కటే తుంపుకు తింది. నత్తలు ఖాళీ చిప్పలయ్యాయి. రొయ్యల్ని భీమన్న రెండు పూటల్లో ముగించాడు. త్రినాథరావు రోజూ పొద్దున్నే వచ్చి ఎండురొయ్యలు చేత్తో తినిపిస్తూ, “మా భీమన్నకి ఆకలెక్కువ” అని మురిసిపోయేవాడు. తన చేపని ప్రేమించాడండీ, అదీ నిజమే. పక్కదాని ప్రాణం ఆ కళ్ళకి ఆనలేదు, అంతే.

ఆ గోలలోనే క్లౌన్ ఆడచేప గుడ్లు పెట్టింది. మగది వాటికి రెక్కలతో విసురుతూ కాపలా కూర్చుంది. ఆ జాతిలో కాపలా తండ్రిదే. గౌరి అది చూసి ఇక ఆగలేక, ఒక ఆదివారం పొద్దున్న వల వేసి భీమన్నని ఉప్పునీళ్ళ బకెట్‌లోకి తీసింది. వాచ్‌మన్ చూసి చెప్పేశాడు. త్రినాథరావు లుంగీతోనే దిగి వచ్చాడు.

“నా సేపని దొంగిలిస్తావేటే!” అని లాబీ అదిరేలా అరిచాడు.

పదిమంది చూస్తుండగా ఆమె చేతే దాన్ని మళ్ళీ నాలో వేయించాడు. మర్నాడు పొద్దుటికి గుడ్లు లేవు, మగ క్లౌన్ లేదు. ఆడది ఖాళీ రాయి చుట్టూ తిరుగుతోంది.

గౌరి ఏడవలేదు. లాబ్ నుంచి గాజు మీద గీసే వజ్రపు ములుకు పెన్సిల్ తెచ్చి, ఒక్కో స్టిక్కరుకి దిగువన గట్టిగా నొక్కి రాసింది. నాకు నొప్పి పుట్టింది, అయినా రాయవే తల్లీ అనుకున్నాను. ఫ్లాట్ 303 చేప తిన్నవి: పగడపు మొగ్గలు, లెక్కలేనన్ని. ఫ్లాట్ 204 చేప తిన్నవి: నత్తలు పదకొండు. ఫ్లాట్ 501 చేప తిన్నవి: రొయ్యలు నాలుగు, గుడ్లు సుమారు మూడు వందలు, కాపలా కాసిన తండ్రి ఒకడు.

సాయంత్రానికి మీటింగు పెట్టారు. దాతల్ని అవమానించిందన్నారు, ఆమె నిర్లక్ష్యం వల్లే చేపలు చచ్చాయని పుస్తకంలో రాసుకున్నారు. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయమన్నారు. గౌరి ఒక బకెట్‌లో బతికున్న మూడు చేపల్ని, ఇంకో బకెట్‌లో నాలుగు మొగ్గలు మిగిలిన రాయిని పెట్టుకుంది. వెళ్ళే ముందు అరచేయి నా మీద ఆనించింది. నాకప్పుడు ఏడుపొచ్చింది, చెబితే నమ్మరు గానీ.

ఆమె పోయాక భీమన్నకి వేటాడడానికి ఏమీ మిగలక, ఇసుక తవ్వి రాళ్ళు కదపడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం పెద్ద రాయి దొర్లి నా ఎడమ పలకకి తగిలింది. చీలిపోయాను. రెండు వందల యాభై లీటర్ల ఉప్పునీళ్ళు లాబీలోంచి లిఫ్టు గోతిలోకి దిగాయి. మిగతా రెండు చేపలూ తడి గచ్చు మీదే పోయాయి. త్రినాథరావు బకెట్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి, భీమన్నని అందులో వేశాడు. అవి కుళాయి నీళ్ళు. గౌరి ఉంటే చెప్పేది. కాసేపటికి భీమన్న వెల్లకిలా తేలితే ఆయన మెట్ల మీద కూర్చుని కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాకు జాలి కలగలేదు. సరే, కొంచెం కలిగింది. లిఫ్టు బాగయ్యేదాకా, మూడు వారాల పాటు, ఐదో అంతస్తుకి ఆయన ఆయాసపడుతూ ఎక్కుతుంటే ఆ కొంచెమూ పోయింది.

అలా ఈ కొట్టుకి చేరాను. కొట్టు సూరప్పడు నా ముందు పలకకి బేరం కుదుర్చుకున్నాడు. ఆ సంగతి ఎలా తెలిసిందో గానీ, ఇవాళ త్రినాథరావు స్కూటరు దిగి బ్లేడుతో వచ్చాడు. తన పేరున్న స్టిక్కరుని గీకి గీకి పీకేశాడు. దానికి దిగువన, దుమ్ము మాటున గీతలు కనిపించాయి.

“ఇది కూడా పోతాదేటి?” అన్నాడు.

“పోదండి, గాజులోకి దిగిపోయింది. రేపు ఈ పలక బజ్జీల బండికి బిగించేస్తారు. మీ వీధి సివర ఉంటాది సూడండి, ఆ బండికే,” అన్నాడు సూరప్పడు.

త్రినాథరావు ముఖం మాడిపోయింది. జేబురుమాలు తడిపి రుద్దడం మొదలుపెట్టాడు. నెలల నాటి దుమ్మూ ఉప్పు మరకలూ పోయి గాజు తళతళలాడుతోంది. రుద్దినకొద్దీ అక్షరాలు తేటపడుతున్నాయి. కాపలా కాసిన తండ్రి ఒకడు. బజ్జీలు కొనడానికి వచ్చే చిన్నపిల్లలు కూడా చదువుకోగలరు.

రుద్దనీ.