మంగరాజుకి తక్కువ వేసిన రంగు మందు

2006 వేసవిలో ఓ మధ్యాహ్నం, నర్సీపట్నం మార్కెట్టు వీధిలో, చెరకు రైతు మంగరాజుకి గుండెపోటు వచ్చింది. అది గ్యాసేనని ఆయన బావమరిది కొండబాబు తేల్చేశాడు. కొండబాబు ఏ వైద్యమూ చదవలేదు. అందుకే ఆయనకి ఏ సందేహమూ ఉండేది కాదు. సోడాలతో అరగంట పోయాక, మంగరాజు భార్య జోగులమ్మ తమ్ముణ్ణి పక్కకి నెట్టి జీపు మాట్లాడింది.

విశాఖ ఆసుపత్రిలో డాక్టరు సత్యశ్రీ ఈసీజీ చూసింది. "గుండె రక్తనాళం మూసుకుపోయింది, వెంటనే తెరవాలి. నాళాలు కనబడాలంటే రంగు మందు ఎక్కించాలి. అది కిడ్నీలకి పడకపోవచ్చు. షుగరుందా? ఏ మాత్రలు వాడతారు?"

"మా బావకేటండి, నిక్షేపం!" అన్నాడు కొండబాబు.

నిక్షేపం స్ట్రెచరు మీద చెమటలు కక్కుతోంది.

"షుగరుందమ్మా, పదేళ్లయింది," అంది జోగులమ్మ. "మోకాళ్ల నొప్పులకని మందులషాపులో అడిగి రోజుకి రెండు మాత్రలు మింగుతారు. నాను సెప్తే ఇంటారేటి?"

డాక్టరు ముఖం మారింది. ఆ మాత్రలు అప్పటికే కిడ్నీల్ని దెబ్బతీసి ఉండొచ్చు. "రిపోర్టు వచ్చేదాకా ఆగితే గుండె ఆగుతుంది. సెలైన్ మెల్లగా ఎక్కిస్తాం. రంగు మందు వీలైనంత తక్కువ వాడి, ఆ ఒక్క నాళమే తెరుస్తాం. మిగతావి తరవాత."

"తక్కువేటండి? రైతంటే అంత లోకువా? ఫుల్లుగా ఎయ్యండి!" అని గర్జించాడు కొండబాబు. బావ మర్యాద దగ్గర ఆయన రాజీపడడు. కిడ్నీలు ఎలాగూ బావవే.

"నువ్వు నోర్ముయ్యిరా," అంది జోగులమ్మ, కాగితం మీద వేలిముద్ర వేస్తూ. "బేగి తీసుకెల్లండమ్మా."

నాళం తెరుచుకుంది. మూడో రోజు కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ అంకె పెరిగింది, అంటే కిడ్నీలు మందగించాయి. డయాలసిస్ తప్పకపోవచ్చని డాక్టరు చెప్పగానే, కొండబాబుకి ఊళ్లో అర్జెంటు పని గుర్తొచ్చింది. మూత్రం ఎంత వస్తోందో కొలిచి నర్సుకి చెప్పడం జోగులమ్మ వంతైంది. సీసా పట్టుకుని ఏడ్చేది, కళ్లు తుడుచుకుని మళ్లీ కొలిచేది. ఐదో రోజుకి క్రియాటినిన్ అంకె దిగడం మొదలైంది. డయాలసిస్ అవసరం రాలేదు.

నెల తిరిగాక రెండో నాళం కోసం బయల్దేరారు. ఇస్త్రీ చొక్కాతో కొండబాబు ముందే బస్సెక్కి కూర్చున్నాడు. "అప్పా, డాట్రుతో నాను మాటాడతాను," అన్నాడు అక్కతో.

జోగులమ్మ కండక్టరు వైపు తిరిగింది.

"రెండు టికెట్లివ్వు బాబూ. ఆడు దిగిపోతాడు."