గంట కొట్టని పూట

పాత చొక్కా ముక్కతో కంచుగంట తుడుస్తున్నాడు గంటతాత. ఏళ్ళ తరబడి బొటనవేలు ఆనీ ఆనీ కొయ్యసుత్తి పిడి ఒకచోట గుంటపడింది. ధ్యానమందిరంలో అందరూ కళ్ళు మూసుకుంటే, ఆయనొక్కడే కళ్ళు తెరుచుకుని గోడగడియారం చూస్తూ కూర్చుంటాడు. వేళ కాగానే గంట కొడతాడు. రేపటినుంచి ఆ పని కరెంటు గంట చేస్తుంది. ఈ సాయంత్రమే భార్యతో సొంతూరికి ప్రయాణం.

మందిరంలోనే వంటమనిషి అయిన భార్య టీ తెచ్చింది. "మొహం అలా వేలాడేశావేం?"

"అందర్నీ లోతుకి దింపాను. నేను గట్టుమీదే ఉండిపోయానే. ఒక్క మెట్టూ ఎక్కకుండానే వెళ్ళిపోతున్నా."

"దిగాలో ఎక్కాలో ముందు తేల్చుకో. టీ చల్లారిపోతోంది."

పక్కనే ఉన్న ముసలి భిక్షుణి ఫక్కున నవ్వింది. అక్కడ ధ్యానం నేర్పేది ఆమే. అందరికీ ఆమె పెద్దమ్మ.

"రెండూ కావాలి తాతా. లోతైన ధ్యానంలో మనసు నీళ్ళలా తేటపడుతుంది, హాయిగా ఉంటుంది. అప్పుడు అడుగు కనిపిస్తుంది, వచ్చిందేదీ నిలవదని తెలుస్తుంది. అది చూసినవాడికే మేలుకోవడంలో మొదటి మెట్టు. ఆ హాయి దగ్గరే ఆగిపోయినవాళ్ళు బోలెడుమంది." చెయ్యి చాపింది. "సుత్తి ఇలా ఇవ్వు. ఈ పూట నువ్వు కూర్చో."

అందరితోపాటు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కాసేపు బొటనవేలు దానంతటదే కదిలింది. తర్వాత అదీ ఊరుకుంది. ఊపిరి సన్నబడింది. వేణ్ణీళ్ళు పోసుకున్నట్టు ఒళ్ళంతా సంతోషం పాకింది. అంతలో అదీ, కొట్టిన గంట మోతలాగే, సన్నగిల్లడం మొదలైంది. ఆ మోత వెనక ఆయన ఏనాడూ పరుగెత్తలేదు. దీన్నీ పోనిచ్చాడు.

వేళ దాటినా గంట మాత్రం మోగలేదు. అలవాటుకొద్దీ పెద్దమ్మ కూడా కళ్ళు మూసేసుకుంది మరి!

గరిటె పట్టుకుని భార్య గుమ్మంలోకొచ్చింది. "అన్నాలు చల్లారిపోతున్నాయి! గంట కొట్టేవాళ్ళే లేరా?"

మందిరమంతా గొల్లున నవ్వింది. పెద్దమ్మ నాలిక్కరుచుకుంది. తాత మెల్లగా కళ్ళు తెరిచాడు.

"ఎంత సంతోషమో అమ్మా! వచ్చింది, పోయింది."

"పోయినందుకు బాధేసిందా?"

"లేదు. పోయేదేగా."

పెద్దమ్మ చేతులు జోడించింది. "మెట్టు ఎక్కావో లేదో నేను చెప్పలేను. దారి మాత్రం ఇదే."

తాత కళ్ళు చెమర్చాయి. "ఈ పూట ఇచ్చారు, చాలమ్మా."

సాయంత్రం పెట్టె ఒకరు, గొడుగు ఒకరు పట్టుకుని భార్యాభర్తలు బయల్దేరారు.

"నిజం చెప్పు, నిద్రపోలేదూ?"

"నీ గరిటె మీదొట్టు!"

వాళ్ళ నవ్వు వీధి మలుపుదాకా వినిపించింది. మందిరంలో గోడకి కొత్త స్విచ్చి. గంట పక్కన కొయ్యసుత్తి, దాని పిడిమీద బొటనవేలంత గుంట.