సూది ఎటు పెట్టారు?

మా ఆయన గాలయ్య కొలవకుండా దేన్నీ నమ్మడు. కూరగాయల బండి దగ్గర తూచి ఇచ్చిన సొరకాయను ఇంటికొచ్చి మళ్లీ తూచనిదే నన్ను తరగనివ్వడు. పద్మనగర్‌లో ఎనిమిది సాంచాలు, అదే మరమగ్గాలు, నడిపే ఆసామి కదా, మా అమ్మాయి రూపాలి ప్లాస్మాకు కూడా తనే మేస్త్రీ అనుకున్నాడు.

రూపాలి ముంబైలో పరిశోధన చేస్తోంది. గాజు గొట్టంలో పలచటి వాయువు నింపి, రేడియో తరంగాలతో ప్లాస్మాగా వెలిగించి, చుట్టూ అయస్కాంతం పెడతారు. లోపల ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో సన్నని లోహపు సూది దూర్చి కొలుస్తారు. ఎన్ని ఉండాలో కంప్యూటర్లో నమూనా కట్టి లెక్కేస్తారు. రెండూ కలవాలి. మూడు నెలలుగా కలవడం లేదు. నమూనా చెప్పినదాంట్లో సగమే సూదికి అందుతున్నాయి. సోమవారం కమిటీ ముందు తేల్చకపోతే మూడేళ్ల పని మళ్లీ మొదటికే.

శనివారం పొద్దున పిల్ల ఇంటికొచ్చినప్పటి నుంచి ఈయనది ఒకటే పాట.

"కొలత కొలతే బిడ్డా. నీ కంప్యూటర్ లెక్కను సగం జేసి పడెయ్, కలుస్తది."

"బాపూ, ఐసా నహీ చల్తా, అట్ల నడవది. సగం ఎందుకైందో కారణం చూపియ్యాలె."

"కారణమేంది? సూది అబద్ధమాడ్తదా?"

నాలుగోసారికి పిల్ల విసిగిపోయి నమూనా తెరిచింది, సగం చేయడానికి. నేను అప్పడాల కర్ర కింద పెట్టాను.

"ఏమయ్యా, మొన్న దసరాకు సాంచా మీదున్న బట్టను కొలిచి నూరు మీటర్లని పంపింది ఎవలు? తొంభై ఆరే ఉందని వాపస్ రాలే? మీటరుపట్టీ అబద్ధమాడిందా?"

"గప్పుడు బట్ట గుంజుకొని ఉండె. దించి, ఆరనిచ్చి కొలవాలె. అది వేరే ముచ్చట."

"వేరే ఏం గాదు. పట్టీ మంచిదే, పెట్టిన తీరే తప్పు." రూపాలి వైపు తిరిగాను. నేను కరీంనగర్‌లో బీయస్సీ చదివానన్న సంగతి ఈ ఇంట్లో నాకొక్కదానికే గుర్తు. "ఆ సూదిని ఎటు పెట్టిండ్రే?"

"గొట్టం పొడుగునా."

"అయస్కాంత క్షేత్రం ఎటు పోతది?"

"గొట్టం పొడుగు..." పిల్ల తటాలున లేచి నిలబడింది. "అమ్మా! ఎలక్ట్రాన్లు ఆ గీతల వెంబడే ఉరుకుతయి, అడ్డం రావు. సూది కూడా అటే పండుకుంటే మొనకే తగుల్తయి, ఒంటికి తగలవు!"

పడుగు పోగు పక్కన ఇంకో పడుగు పోగు. రెండూ ఎక్కడ కలుస్తాయి?

ల్యాబ్‌లో ఉన్న స్నేహితురాలు సాక్షికి ఫోన్ చేసి సూదిని అడ్డంగా పెట్టించింది. సాయంత్రానికి అంకెలొచ్చాయి. నమూనా లెక్కకు పదింట తొమ్మిది పాళ్లు కలిశాయి.

"ఇంకోపారి కొలవమను," అన్నాడు ఈయన.

కొలిచారు. అంతే వచ్చింది.

"ఇంకోపారి."

మళ్లీ అంతే. ఈయన టీవీ పెట్టాడు, ఆపేశాడు, చాయ్ సగం తాగి పక్కన పెట్టాడు. చివరికి పిల్ల ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"తప్పు నాదే బిడ్డా. నీ లెక్క మంచిగనే ఉండె, నేనే ఖరాబ్ చెయ్యమన్న."