నలభై మూడు ఫోన్లు

పంకజాక్షికి భయమంటే తెలియదని ఎగువమిట్ట కాలనీలో అందరూ అనుకునేవారు. బడి తల్లిదండ్రుల కమిటీకి ఆమెను పెద్దను చేసింది కూడా ఆ నోరు చూసే. ఎగువమిట్ట బడిని ఎత్తేసి వడమాలపేట బడిలో కలిపేస్తారన్న కబురు రాగానే, ఆమె కొంగు నడుముకు బిగించి ఇల్లిల్లూ తిరిగింది.

"గవర్మెంటు నించి ఫోన్ వస్తాదంట. బడి కలపడం ఇష్టమైతే ఒకటి, లేకపోతే రెండు నొక్కమంటారంట. అందరం రెండే నొక్కల్ల. మన పిలకాయలు ఆ లారీల రోడ్డు దాటి మూడు కిలోమీటర్లు పోతారా? మీరే సెప్పండి!"

"నువ్వు సెప్పినాక కాదంటామా మే?" అన్నారందరూ. బడికి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళు నలభై మూడు. నలభై మూడిళ్ళూ తలాడించాయి. తలాడించడానికి ఏం పోయింది!

పంకజాక్షి బాధ రోడ్డొక్కటే కాదు. కూతురు రూపశ్రీకి నత్తి. కాలనీకి రాకముందు వడమాలపేట బడిలోనే వేశారు. అక్కడ పిల్లలు వెక్కిరిస్తే, ఆ పిల్ల ఏడాదిపాటు నోరే విప్పలేదు. ఈ బడిలో ఉన్నది పరాశర్ అయ్యవారు ఒక్కరే. తిరుపతి నుంచి రోజూ బస్సులో వస్తాడు. రూపశ్రీ మాట పూర్తయ్యేదాకా క్లాసంతా ఆగాల్సిందేనని ఆయన రూలు పెట్టాడు. ఇప్పుడు మూడో తరగతిలో ఆ పిల్ల ఎక్కాలు గట్టిగా చెబుతోంది. మళ్ళీ పాత బడికి పంపితే బిడ్డ మూగదైపోతుందని తల్లి గుండె పీచుపీచుమంటోంది.

ఫోన్లు మొదలయ్యే ముందు రోజు, పక్కింటి భారతమ్మ వచ్చింది. పంకజాక్షి ఇంటికి స్లాబు పడింది గానీ తలుపుల్లేవు. గవర్మెంటు ఇచ్చే ఇంటి డబ్బులో ఆఖరి బిల్లు రావాలి. గుమ్మానికి కట్టిన టార్పాలిన్ పట్ట పక్కకు తీసి, భారతమ్మ గొంతు తగ్గించింది.

"మే, పై కాలనీలో పోయినసారి ఇట్లే ఫోనొస్తే రెండు నొక్కినోళ్ళకి ఇంటి బిల్లు నిలబెట్టేసినారంట. ఫోనుకీ పట్టాకీ ఆధార్ ఒగటే కదా, తెలిసిపోదా?"

"ఎవురన్నారు?"

"అంటాండారు. నేను ఎవురికీ సెప్పలా, నీకే సెప్తాండా."

ఎవరికీ చెప్పని ఆ ముక్కను మహాతల్లి అప్పటికే కాలనీ అంతా పంచిపెట్టి వచ్చింది. నిజమో అబద్ధమో ఆ ఏడుకొండలవాడికే ఎరుక. పంకజాక్షికి మాత్రం ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎవరిదో ఆడగొంతు, తేనె పూసినట్టుంది. అవునంటే ఒకటి, కాదంటే రెండు. పంకజాక్షి గుమ్మం వైపు చూసింది. గాలికి పట్ట టపటపా కొట్టుకుంటోంది. నలభై రెండు మంది రెండు నొక్కుతారు, నా ఒక్కదాని వల్ల ఏం కొంప మునుగుతుందిలే అనుకుంది. ఒకటి నొక్కింది. ధన్యవాదాలు చెప్పి ఆ గొంతు ఆగిపోయింది.

పది రోజులకు బడి ఆవరణలో మీటింగు పెట్టారు. వచ్చిన ఆఫీసరు కసిరే మనిషి కాదు, అలసిపోయిన మనిషి. పంకజాక్షే ముందు లేచింది.

"మా బడి కలపడం మాకిష్టం లేదు సార్. ఊరంతా ఇదే మాట."

ఆఫీసరు చేతిలోని ట్యాబ్ ఆమె వైపు తిప్పాడు. "నేనేం సెయ్యాలమ్మా? మీ కాలనీకి నలభై మూడు ఫోన్లు పోయినాయి. నలభై మూడు మందీ ఒకటే నొక్కినారు. నూటికి నూరు."

ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మనవణ్ణి చంకనేసుకున్న భారతమ్మ నేల చూపులు చూసింది. ఎవరు నొక్కారని ఎవరు అడగాలి, ఏ నోటితో అడగాలి! ఇంతమంది ఉండీ ఆ బడిని దిక్కులేనిదాన్ని చేశారు.

పరాశర్ అయ్యవారు హాజరు పుస్తకం మూసి అందరినీ ఒకసారి చూశాడు. "వానలొస్తున్నాయి. పిల్లలకు గొడుగులిచ్చి పంపండమ్మా," అని మాత్రం అన్నాడు. పంకజాక్షికి చెంప మీద కొట్టినట్టయింది.

ఇంటికి వస్తుంటే రూపశ్రీ చెయ్యి పట్టుకుని అడిగింది. "మా... అం... అందరూ ఒకటే నొక్కినారా?"

"అవునంట."

"నువ్వు?"

పంకజాక్షి ఆగి, కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నేను రెండే నొక్కినా తల్లీ. నీ మీదొట్టు."

రూపశ్రీ కాసేపు నడిచింది. పెదాలు కదిలిస్తూ ఏదో లెక్క వేసుకుంది.

"మా, ఫో... ఫోన్లు పోయింది నలభై మూడే కదా. నువ్వు రెండు నొక్కింటే, ఒ... ఒకట్లు నలభై రెండే కదా రావాల?"

కాలనీలో అందరినీ నిలదీసిన నోరు, కన్నబిడ్డ ముందు పెగల్లేదు.

ఆ పిల్ల మెల్లగా తల్లి చెయ్యి వదిలేసి ముందు నడిచింది.