రంగమ్మాళ్ నింపిన గంప

రామ్‌కుమార్ సార్ తెలుగులో మాట్లాడాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇద్దరి ఊళ్ళూ కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఉన్న నల్లరేగడి పల్లెలే. మా ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. అయినా కాలేజీలో ఆయనకు తెలుగు రాదు. ప్రిన్సిపాల్‌తో ఇంగ్లీషు, నాతో తమిళం, క్వారీ ఆడవాళ్ళ మీద అరిచేది కూడా తమిళంలోనే. ఎవరి దగ్గరైనా ఏదైనా గుంజుకోవాలంటే మాత్రం తెలుగు ఎక్కడినుంచో ఊడిపడుతుంది, వరస కలుపుకుని మరీ.

నా పేరు సంగవి. ఆయన దగ్గర ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని. మేం తయారుచేసేది సున్నపురాయిని ఏరే యంత్రం. విరుదునగర్ పప్పు మిల్లుల్లో ఇలాంటిదే ఒకటి ఉంటుంది. పప్పు జారుతుంటే కెమెరా చూస్తుంది, నల్ల గింజ కనబడగానే గాలి ఊది పక్కకు తోసేస్తుంది. దాన్నే పెద్దది చేసి, ఉసిరికాయంత రాళ్ళకు పనికొచ్చేలా మార్చాలని సార్ ఆలోచన. ఆలోచన మంచిదే, కాదనను. సున్నపురాయిలో నల్లరాయి కలిస్తే సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు లారీని వెనక్కి పంపేస్తారు. చెత్త అని పారబోసిన గుట్టల్లోంచి కూడా మంచి రాయి తీయగలిగితే కొత్తగా నేల తవ్వడం తగ్గుతుంది. నేను ఎం.టెక్. చదివింది ఇలాంటి పని చేద్దామనే.

పరీక్షలు జరిగేది సుబ్బురాజ్ క్వారీలో. అక్కడ ఒక రేకుల షెడ్డు కింద ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చుని చేత్తో రాళ్ళు ఏరుతారు. వాళ్ళలో మా నాన్న అక్క రంగమ్మాళ్ ఒకతె. యంత్రం నెగ్గితే షెడ్డు మూసేస్తానని సుబ్బురాజ్ ముందే చెప్పాడు. అత్తకు మొగుడు లేడు. వాన లేక చేలో మిరప ఎండిపోయింది. మోకాళ్ళు అరిగిపోయాయి. కూర్చుని చేసే పని ఆ చుట్టుపక్కల ఆమెకు ఇంకెవరూ ఇవ్వరు. యంత్రం నిజంగానే బాగుండి ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలీదు. అది బాగాలేదు గనక ఆ చిక్కు నాకు రాలేదు.

మగవాళ్ళు పారలతో రాయి పోసినన్నాళ్ళూ యంత్రం మా పరువు తీసింది. దుమ్ము పట్టిన తెల్లరాయిని నల్లదనుకుని ఊదేసేది. నల్లరాయికి కాస్త సున్నం అంటుకుంటే చాలు, తెల్లదనుకుని వదిలేసేది. ఒకనాడు సార్, పారలు మానేసి ఆడవాళ్ళ చేత గంపలతో పోయించండి అన్నాడు. ఆ రోజునుంచీ ఫలితాలు ఎగబాకాయి. కెమెరా మార్చలేదు, గాలి మార్చలేదు, రాయి కడగలేదు. అయినా నూటికి తొంభై పైనే మంచి రాయి వస్తోంది. నాకు నమ్మబుద్ధి కాలేదు.

గంపలు నింపేచోటికి వెళ్ళి నిలబడ్డాను. అత్తా, ఆమె పక్కింటి పేచ్చియమ్మాళూ గుట్ట దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆ పనికి పెట్టింది వాళ్ళిద్దరినే. పేచ్చియమ్మాళ్ కూతురు తిరుత్తంగల్‌లో అచ్చాఫీసులో పనిచేస్తుంది. ఆ పిల్లకు జ్వరం తగ్గలేదని మాట్లాడుకుంటున్నారు. కుడిచేతులు గంపల్లోకి రాళ్ళు లాగుతున్నాయి. ఎడమచేతులు నల్లరాళ్ళను తీసి వెనక్కి విసురుతున్నాయి. ఇద్దరిలో ఒక్కరూ చేతుల వంక చూడటం లేదు. వాళ్ళ వెనక నల్లరాళ్ళు మోకాలెత్తు పోగయ్యాయి.

"ఏమిటికత్తా ఏరతా ఉండారు? అట్లే పోయమని గదా చెప్పిండేది," అన్నాను.

అత్త నన్ను వింతగా చూసింది. "అట్లే ఎట్ల పోసేది పాపా? మిసిన్లో మురికి పోస్తే ఎవురైనా ఒప్పుతారా? పప్పు మిల్లులో ఉండినప్పటి నుండీ నాకి ఇదే అలవాటు. చూసి పోయాల."

పెళ్ళికి ముందు ఆమె విరుదునగర్ మిల్లులో పని చేసింది. అక్కడ యంత్రంలో రాయి పడితే తిట్లు తినేది పప్పు పోసే ఆడవాళ్ళే. నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. యంత్రానికి వస్తున్న పేరంతా అత్త ఎడమచేతిది.

పరుగున సార్ దగ్గరికి పోయాను. కారు తలుపు తెరుచుకుని కూర్చుని పల్లీల కడలైమిట్టాయి నములుతున్నాడు. ఆడవాళ్ళు ఏరుతున్న సంగతి చెప్పాను. పళ్ళసందులో ఇరుక్కున్న పల్లీ ముక్కను గోరుతో లాగి, చూసి, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

"తెలుసు," అన్నాడు తమిళంలో. "గంపలు ఎందుకు పెట్టించాననుకున్నావు? ముందు నిధులు రానీ. యంత్రం మెల్లగా నేర్చుకుంటుంది."

"ఆలోపల షెడ్డు మూసేస్తారు సార్."

అప్పుడు వచ్చింది తెలుగు. "ఏమ్మా, మనోల్లకి నేను చెడుపు చేస్తునా? రీసెర్చి పేపర్లో నీ పేరూ ఏస్తాను గదా."

మా అమ్మ అన్నం పెడుతూ మాట్లాడే మాటతో వీడు ఇలాంటి పనులు చక్కబెట్టుకుంటున్నాడు. చెప్పు తీసుకుని కొట్టినా పాపం లేదనిపించింది.

ఆ సాయంత్రం అత్త ఇంటికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. పేచ్చియమ్మాళ్ కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది. అత్త మొదట నవ్వింది.

"ఏరేది నా చెయ్యి, పేరు మిసినికా?"

"పేరొకటే కాదత్తా. ఆ పేరు చూపించే మీ షెడ్డు మూస్తారు."

అత్త నవ్వు ఆగిపోయింది. "ఏరకుంటే?"

"అది ఓడిపోతుంది. సెన్నై నుండి పెద్దోల్లు చూసేదానికి వస్తారు గదా, ఆ పొద్దు ఉండేది ఉండినట్లే గంపకెత్తండి. అంతే సాలు."

పేచ్చియమ్మాళ్ అత్త వంక చూసింది. అత్త ఎడమచేతిని ఒడిలో పెట్టుకుని, "సరి. దీన్ని కట్టేసుకుంటాను," అంది.

చెన్నై నుంచి కమిటీ వచ్చే రోజున క్వారీకి పెళ్ళిసందడి. నిధులిచ్చే సంస్థ తరఫున వచ్చిన పెద్దావిడ పేరు ఉషా. ఆమెకు శాలువా, జీడిపప్పు, చల్లని పానీయం. యంత్రం మీద కట్టిన గుడ్డ మీద 'మనిషి చేయి తగలని శుద్ధి' అని పెద్ద అక్షరాలు. ఆడవాళ్ళందరికీ ఆ ఒక్కరోజుకు పసుపు టోపీలు ఇచ్చారు. సాయంత్రం జాగ్రత్తగా తిరిగిచ్చేయాలని సుబ్బురాజ్ మనిషి ముందే బెదిరించాడు. దుమ్ములో కూర్చుని ఇన్నేళ్ళు రాళ్ళు ఏరితే ముక్కుకు గుడ్డయినా ఇవ్వనివాళ్ళు, ఫొటో కోసం టోపీలు పెట్టారు. చూస్తుంటే ఉమ్మేయాలనిపించింది.

అత్త ఎడమచేతికి చీర కొంగు చుట్టుకుని కూర్చుంది. కుడిచేత్తో మాత్రమే గంప నింపింది. పేచ్చియమ్మాళ్ కూడా అంతే. మొదటి గంపలు యంత్రంలో పడ్డాయి. గాలి బుస్సుమంది, రాళ్ళు ఎగిరాయి, తెల్లరాళ్ళ తొట్టిలోకి నల్లరాళ్ళు దర్జాగా వచ్చిపడ్డాయి. ఉషా గారు లెక్క చూసి, "అరవై కూడా లేదే," అన్నారు. సుబ్బురాజ్ మొహం వేలాడింది. నాకు నవ్వు ఆగక పక్కకు తిరిగాను.

రామ్‌కుమార్‌కు కోపం రాలేదు. నెమ్మదిగా గుట్ట దగ్గరికి నడిచాడు. అతిథులూ అతని వెంట వచ్చారు. అత్త నింపుతున్న గంపలోంచి ఒక నల్లరాయి తీసి అందరికీ కనబడేలా పైకెత్తాడు.

"ఏమత్తా ఇది?" అన్నాడు, మెత్తగా, తెలుగులో. "నువ్వు నింపిన గంపేనా? రంగమ్మాళ్ చెయ్యంటే అంత సుద్ధం అనేవాల్లే అందురూ. కన్ను కనపళ్ళేదా ఏమి?"

తర్వాత అతిథుల వైపు తిరిగి తమిళంలో, "పాపం, వయసైపోయింది. గంప నింపడం కూడా చేతకావడం లేదు," అన్నాడు. ఎవరో నవ్వారు. అతను వాళ్ళను మళ్ళీ యంత్రం దగ్గరికి నడిపించుకుపోయాడు.

ముప్పై మంది ఆడవాళ్ళూ విన్నారు. అత్త మొహం నల్లబడింది.

"వద్దత్తా," అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. కొంగు విప్పింది. గంపను నేల మీద బోర్లించి మళ్ళీ మొదటినుంచీ నింపింది. ఎడమచేయి అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. పేచ్చియమ్మాళ్ కాసేపు బిత్తరపోయి చూసి, తనూ ఏరడం మొదలుపెట్టింది. యంత్రంలోకి తెల్లరాయి పోయింది, యంత్రంలోంచి తెల్లరాయి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను ఉషా గారి చేయి పట్టుకున్నంత పని చేసి గుట్ట వెనక్కి తీసుకెళ్ళాను. నల్లరాళ్ళ పోగు చూపించి, ఏరింది యంత్రం కాదు, వీళ్ళు అని చెప్పాను. ఆమె పోగును చూసింది, గడియారం చూసుకుంది. విరుదునగర్‌లో రైలు అందుకోవాలి.

"ప్రయోగ దశలో ఇవన్నీ మామూలేనమ్మా. చేత్తో ముందస్తు శుద్ధి అని ఒక మాట రాసేద్దాం."

"మరి ఆ గుడ్డ మీద మనిషి చేయి తగలదని రాశారే మేడం?"

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రాళ్ళు దాటుకుంటూ వెళ్ళిపోయింది. అంత చదువుకున్న మనిషికి కళ్ళెదుటి పోగు కంటే చీర అంచుకు అంటే దుమ్మే పెద్దదైంది. రామ్‌కుమార్ నా పక్కగా పోతూ, రేపటినుంచి రానక్కర్లేదని తమిళంలో చెప్పాడు. నాతో ఇక పని లేదు కాబట్టి తెలుగు రాలేదు.

కార్లు పోగానే సుబ్బురాజ్ షెడ్డు దగ్గరికి వచ్చి, ఈ నెలాఖరుతో పని ఆఖరు అని చెప్పి, టోపీలు వసూలు చేయించుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పేచ్చియమ్మాళ్ అత్త నుంచి మొహం తిప్పుకుని బయటికి చూస్తూ కూర్చుంది. ఊరి మలుపులో దిగాక ఆమె మా కోసం ఆగకుండా ముందుకు నడిచింది. అత్త కుంటుకుంటూ కొంతదూరం వచ్చి నిలబడింది.

"సంగవీ, ఆ మొదటి గంప నేను కావాలనే అట్ల నింపితినని ఆ సారుకి చెప్తావా? అందురి ముందరా అట్ల అనె. నా చెయ్యి అట్లాంటిది కాదని చెప్పు."

ఆమెకు ఇంకా పని పోయిన సంగతి గుర్తు రాలేదు. అబద్ధమాడి ఊరుకోబెడదామా అనుకున్నాను. అలాంటి అబద్ధాలు ఆ రోజుకు చాలినన్ని విన్నాను.

"వానికి తెలుసత్తా," అన్నాను. "తెలిసే అనె."

అత్త మోకాళ్ళ నొప్పిని కూడా చూసుకోకుండా రోడ్డు పక్కనే కూలబడింది.