దొడ్డమ్మ పేరు

బడి మానేశాక అరవై మూడేళ్లు వచ్చేదాకా మునిలక్ష్మి సంతకానికి తప్ప కలం పట్టింది లేదు. ఇప్పుడు పట్టిందంటే ఒళ్లుమండి పట్టింది.

తమ్ముడు జయరామప్ప కొడుకు నవీన్ వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటిదేవుని పూజకు వచ్చే చుట్టాలకు పంచాలని వంశ చరిత్ర అచ్చువేయిస్తున్నాడు. ముందుగా ఒకసారి చూడమని నమూనా పుస్తకం తెచ్చి, కాడుగోడిలో ఉండే అత్త మునిలక్ష్మికిచ్చాడు. అందులో ఆమె నాన్న మునిశామప్పకు నాలుగు పేజీలు. అమ్మకు ఒక్క వాక్యం: 'భార్య దొడ్డమ్మ, ఇంటిని చక్కగా చూసుకునేవారు.'

దొడ్డమ్మ అట! పెద్దకోడలు గనుక మరుదుల పిల్లలు పెద్దమ్మ వరసతో అలా పిలిచారు. వాళ్లను చూసి కన్నపిల్లలూ అలాగే పిలిచారు. అంతమాత్రాన అది పేరైపోతుందా?

"మీ నాయన్ని అడగలేదా నవీనా?"

"అడిగితి అత్తా. అందరికీ తెలిసింది అదే కదా, అదే వెయ్యి అన్నాడు."

కన్నకొడుకు అనవలసిన మాటేనా అది! నాలుగు రోజులు గడువడిగి ఆమె నోట్‌బుక్ ముందేసుకుంది. బడిలో చదివింది కన్నడ, ఇంట్లో మాట తెలుగు. కన్నడ అక్షరాల్లోనే తెలుగు రాసింది. మొదటి పేజీకి ఒక పూటంతా పట్టింది. రెండో పేజీ నుంచి ఆగితే ఒట్టు. నిండు కడుపుతో బావి పూడిక తట్టలు మోసింది ఎవరు? నాన్న మంచాన పడిన రెండేళ్లూ కొత్తిమీర కట్టలు నెత్తిన పెట్టుకొని రైలెక్కింది ఎవరు? ద్రాక్షతోట బతికించింది ఎవరు? ఆ నాలుగు పేజీల్లో అవన్నీ నాన్న ఖాతాలో పడ్డాయి. ఆమె రాసినవి పదకొండు పేజీలయ్యాయి. ఇన్ని మాటలు తనలో ఉన్నాయని ఆమెకే తెలియదు.

ఆదివారం తండ్రీకొడుకులు ఇద్దరూ వచ్చారు. జయరామప్ప అక్క రాసిన పేజీలు తిరగేశాడు.

"శానా ఉండాది అక్కా. ఒక ఫోటో వేస్తాంలే. పేరు మాత్రం దొడ్డమ్మనే ఉండనీ. అసలు పేరు ఎవరికి గుర్తుండాది?"

మునిలక్ష్మి లోపలికి పోయి, బీరువాలోంచి తోట అమ్మిన పత్రం నకలు తెచ్చి నవీన్ చేతిలో పెట్టింది.

"చివర ఏముండాదో చదువప్పా."

"పిళ్ళమ్మ," అని చదివాడు నవీన్. పక్కన నల్లటి వేలిముద్ర ఉంది.

"ఆ పొద్దు అమ్మ చెయ్యి పట్టుకొని వేలు ఒత్తించినోడివి నువ్వే జయరామా. తోట అమ్మేదానికి ఆమె పేరు బాగా గుర్తుండె నీకు."

జయరామప్ప నోట్‌బుక్ మూసి కొడుకు ముందుకు జరిపాడు. నవీన్ పెన్ను తీసి నమూనా పుస్తకంలో దొడ్డమ్మ అన్నచోట కొట్టేయబోయాడు.

"ఇట్ల ఇయ్యి. అది నేను రాస్తా," అని మునిలక్ష్మి చెయ్యి చాచింది.